పట్టభద్రుల ఉద్యోగాల లెక్క: ఒకే తరగతి, మూడు శాతాలు

ఏటా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి తెలుగు పట్టణాల కూడళ్లలో కాలేజీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. నూటికి తొంభై మందికి ప్లేస్‌మెంట్ ఇచ్చామని ఒకటి చెబుతుంది. ఆ రోజుల్లోనే, దేశంలోని పట్టభద్రుల్లో దాదాపు సగం మంది ఉద్యోగానికి సిద్ధంగా లేరని ఏదో ఒక నివేదిక పేరుతో పత్రికల్లో వార్త వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సర్వేను చూస్తే 2023-24లో దేశంలో నిరుద్యోగిత 3.2 శాతమే. ఇంటర్ పూర్తిచేసిన పిల్లను ఏ కోర్సులో చేర్చాలో తేల్చుకోవలసిన తల్లిదండ్రులకు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకటి నిజమైతే మిగిలిన రెండూ అబద్ధమై ఉండాలని తోచడం సహజం. కానీ మూడూ ఒకేసారి సరైనవి కావడానికి అవకాశం ఉంది. మొదటిది ఒక కాలేజీ తాను లెక్కలోకి తీసుకున్న విద్యార్థుల గురించి, రెండోది ఒక పరీక్ష రాసినవారి గురించి, మూడోది దేశంలో పదిహేనేళ్లు దాటినవారందరి గురించి మాట్లాడుతున్నాయి. వీటిలో ఒకదాన్ని మరొకదానికి జవాబుగా వాడుకున్నప్పుడే గందరగోళం పుడుతుంది. అందుకే ఒక్కో అంకె ఎలా తయారవుతుందో మొదటి నుంచి చూద్దాం.

నిరుద్యోగి అని సర్వే ఎవరిని అంటుంది

మన దేశంలో నిరుద్యోగితను లెక్కించే ప్రధానమైన అధికారిక సర్వే ఆవర్తన శ్రామికశక్తి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్). జాతీయ గణాంక కార్యాలయం దీన్ని 2017లో ప్రారంభించింది. సర్వే సిబ్బంది ఇంటికి వచ్చి అడిగే ప్రశ్నలను బట్టి ప్రతి వ్యక్తీ మూడు గుంపుల్లో ఒకదానిలోకి వెళతారు. పని చేస్తున్నవారు ఒక గుంపు. పని లేక, దాని కోసం వెతుకుతున్నవారు లేదా దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవారు రెండో గుంపు. పని చేయకుండా, వెతకకుండా ఉన్నవారు మూడో గుంపు. చదువుకుంటున్నవారు, ఇంటి పనికే పరిమితమైనవారు, వృద్ధులు ఎక్కువగా ఇందులో ఉంటారు. మొదటి రెండు గుంపులను కలిపి శ్రామికశక్తి అంటారు. ఆ శ్రామికశక్తిలో రెండో గుంపు వాటాయే నిరుద్యోగిత రేటు. మూడో గుంపు ఎంత పెద్దదైనా ఈ రేటులో కనిపించదు.

'పని' అన్న మాటకు ఇక్కడున్న అర్థం మన ఇళ్లలో వాడే అర్థం కంటే చాలా విశాలమైనది. నెల జీతం వచ్చే ఉద్యోగంతో పాటు కూలి, సొంత వ్యవసాయం, జీతం లేకుండా కుటుంబ వ్యాపారంలో సాయం చేయడం కూడా పని కిందికే వస్తాయి. వారపు స్థితి అనే కొలత ప్రకారమైతే, గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పని చేసిన వ్యక్తి కూడా ఉపాధి ఉన్నట్టే. బీటెక్ పూర్తిచేసి, ఉద్యోగం రాక, తండ్రి ఎరువుల దుకాణంలో కూర్చుంటున్న యువకుడు ఊరి దృష్టిలో నిరుద్యోగి, సర్వే దృష్టిలో కాదు. ఇందులో మోసమేమీ లేదు. దేశమంతటా ఆర్థిక కార్యకలాపం ఎంత జరుగుతోందో కొలవడానికి, ఇతర దేశాలతో పోల్చడానికి ఈ నిర్వచనం ఉపయోగపడుతుంది. చదువుకు తగిన పని దొరికిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కోసం దాన్ని తయారుచేయలేదు.

ఊహించిన లెక్క ఒకటి చూద్దాం. ఒక కాలేజీ నుంచి బయటికి వచ్చిన వంద మందిని ఏడాది తరువాత కలిశామనుకోండి. 40 మంది ఏదో ఒక జీతపు పనిలో ఉన్నారు. 8 మంది సొంత పొలంలోనో దుకాణంలోనో సాయపడుతున్నారు. 10 మంది ఉద్యోగం వెతుకుతున్నారు. 18 మంది గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నారు. 12 మంది పై చదువులకు వెళ్లారు. మిగిలిన 12 మంది, ఎక్కువగా పెళ్లయిన అమ్మాయిలు, ఇంటి దగ్గరే ఉన్నారు. పోటీ పరీక్షలకు చదువుతున్న 18 మందినీ 'చదువుకుంటున్నవారు'గా రాసుకుంటే శ్రామికశక్తి 58 మంది, నిరుద్యోగులు 10 మంది, రేటు 17 శాతం. అదే 18 మందీ 'మేము ఉద్యోగం కోసం వెతుకుతున్నాం' అని చెబితే శ్రామికశక్తి 76, నిరుద్యోగులు 28, రేటు దాదాపు 37 శాతం. మనుషులు వారే, వారి బతుకులో మారినదేమీ లేదు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లోనో అవనిగడ్డ కోచింగ్ కేంద్రాల్లోనో ఉన్న ఒక వర్గం తమ గురించి చెప్పుకునే ఒక్క వాక్యం మీద ఆ రేటు రెట్టింపు కంటే ఎక్కువగా మారిపోయింది.

2025 నుంచి పీఎల్‌ఎఫ్‌ఎస్ ప్రతి నెలా అంకెలు ఇస్తోంది. ఆ ఏడాది ఏప్రిల్‌కు వచ్చిన తొలి నెలవారీ రేటు 5.1 శాతం. దాన్ని అంతకుముందున్న 3.2 శాతంతో పోల్చి నిరుద్యోగం ఎగబాకిందని కొందరు రాశారు. మొదటిది వారపు స్థితి, రెండోది ఏడాది మొత్తాన్ని చూసే సాధారణ స్థితి. కొలబద్దలు వేరు కాబట్టి ఆ పోలిక చెల్లదు.

చదువు పెరిగేకొద్దీ నిరుద్యోగిత ఎందుకు పెరుగుతోంది

అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024 మార్చిలో విడుదల చేసిన భారత ఉపాధి నివేదికలో ఒక పోలిక విస్తృతంగా ప్రచారమైంది. 2022లో యువతలో చదవడం, రాయడం రానివారి నిరుద్యోగిత 3.4 శాతం కాగా పట్టభద్రులలో అది 29.1 శాతం. దీన్ని చదివి, డిగ్రీ చేయడం కంటే చేయకపోవడమే నయమన్న నిర్ణయానికి వచ్చినవారున్నారు. ఆ నిర్ణయం తప్పు. అక్షరం రానివారికి దొరికే పని కూలి పని. దాని జీతం తక్కువ, భద్రత శూన్యం. అయినా ఆ పని వదులుకుని మెరుగైన దానికోసం ఆరు నెలలు ఆగే స్తోమత వారికి ఉండదు. పనిలేకుండా ఉండాలన్నా ఇంట్లో ఎవరో ఒకరు అన్నం పెట్టగలగాలి. పట్టభద్రుడికి ఆ ఆసరా కొంతైనా ఉంటుంది, దానితో పాటు తన చదువుకు తగినదే కావాలన్న ఆశ ఉంటుంది. కాబట్టి ఆగుతాడు. ఆగినంత కాలమూ నిరుద్యోగిగా లెక్కలోకి వస్తాడు.

ఈ మాటకు వయసు లెక్కలు బలమిస్తాయి. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం పాతికేళ్లలోపు పట్టభద్రులలో నిరుద్యోగిత 42 శాతం దాటింది. ముప్ఫై అయిదేళ్లు వచ్చేసరికి అది 5 శాతం లోపుకు పడిపోతుంది. అంటే కాలం గడిచేకొద్దీ చాలామంది ఏదో ఒక పనిలో చేరుతున్నారు, కొందరు వెతకడం మానేస్తున్నారు. ఆ చేరిన పని ఎలాంటిదో, ఎంత రాజీ తరువాత చేరారో ఈ రేటు చెప్పదు. నా దృష్టిలో పట్టభద్రుల నిరుద్యోగంలో అత్యంత బాధాకరమైన భాగం 42 శాతంలో లేదు, ఆ 42 నుంచి 5కు దిగివచ్చే పదేళ్లలో ఉంది. బతుకు దిశ నిర్ణయమయ్యే వయసంతా ఆ పదేళ్లలోనే గడిచిపోతుంది.

ఆగడం సోమరితనమన్న విమర్శ తరచూ వినబడుతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీని చూద్దాం. 16,347 ఉపాధ్యాయ పోస్టులకు 5.77 లక్షల దరఖాస్తులు వచ్చాయి. పోస్టుకు 35 అన్నమాట. అయితే ఒకరే రెండు మూడు రకాల పోస్టులకు దరఖాస్తు చేయడానికి వీలుంది. అభ్యర్థుల సంఖ్య 3.35 లక్షలకు కాస్త పైన. కాబట్టి అసలు పోటీ పోస్టుకు సుమారు 20 మంది. పత్రికల్లో 'ఒక్కో పోస్టుకు ఇంతమంది' అన్న శీర్షిక చూసినప్పుడల్లా దరఖాస్తులను లెక్కించారా, మనుషులనా అన్నది చూడాలి. తెలంగాణలో 2022 చివర వెలువడిన గ్రూప్-4 నోటిఫికేషన్‌లో సుమారు 8 వేల పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు చేశారు.

ఇరవై మందిలో ఒక్కరికి వచ్చే ఉద్యోగం కోసం మిగిలిన పందొమ్మిది మంది ఏళ్ల తరబడి చదవడం బయటినుంచి చూసేవారికి అవివేకంగా కనిపించవచ్చు. కానీ ఒక ప్రైవేటు బడిలో బీఈడీ చదివిన టీచరుకు ఇచ్చే జీతాన్ని, ప్రభుత్వ బడిలో స్కూల్ అసిస్టెంటు జీతాన్ని పక్కపక్కన పెట్టి, అందులో ఉద్యోగ భద్రత, సెలవులు, పదవీ విరమణ తరువాతి జీవితం, పెళ్లి సంబంధాల దగ్గర దక్కే విలువ కలిపి చూసిన కుటుంబం వేసే లెక్క వేరుగా ఉంటుంది. రెండు రకాల ఉద్యోగాల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉన్నచోట మెరుగైన దానికోసం వరుసలో నిలబడేవారు పెరుగుతారని హారిస్, టొడారో అనే ఆర్థికవేత్తలు 1970లోనే, పల్లె నుంచి పట్నానికి సాగే వలసల సందర్భంలో వివరించారు. ఆ తేడా తగ్గనంత కాలం వరుస తగ్గదు. అయితే నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, పరీక్ష రద్దవుతుందో లేదో తెలియని వరుస ఇది. తెలంగాణలో 2022లో ఇచ్చిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో మళ్లీ కొత్త నోటిఫికేషన్ ఇవ్వవలసి వచ్చింది. ఇలాంటి జాప్యాలు అభ్యర్థి వేసుకున్న లెక్కను, అది మొదట్లో ఎంత సబబైనదైనా, తారుమారు చేస్తాయి.

అమ్మాయిల విషయంలో ఆగగలిగే గడువే తక్కువ. అదే 2024 నివేదికలో యువ పట్టభద్రుల నిరుద్యోగిత పురుషులలో 26.4 శాతం, స్త్రీలలో 34.5 శాతం. వెతికి వెతికి మానేసి మూడో గుంపులోకి జారిపోయిన స్త్రీలు ఈ 34.5లో లేరు.

'ఉద్యోగార్హత' శాతం ఎవరు, ఎలా తేలుస్తారు

నిరుద్యోగిత ఒక స్థితిని చెబితే, ఉద్యోగార్హత ఒక సామర్థ్యాన్ని అంచనా వేస్తుంది. ఇంగ్లిషులో ఎంప్లాయబిలిటీ అనే ఈ మాటకు ప్రభుత్వపరమైన నిర్వచనం గానీ, ప్రభుత్వ సర్వే గానీ లేవు. వార్తల్లో కనిపించే శాతాలు చాలావరకు నైపుణ్య పరీక్షలు నిర్వహించే ప్రైవేటు సంస్థలు ఇచ్చినవే.

2005లో మెకిన్సీ అధ్యయనం భారతీయ ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో నాలుగో వంతు మందే బహుళజాతి సంస్థల్లో పనిచేయడానికి తగినవారని చెప్పింది. 2017లో ఆస్పైరింగ్ మైండ్స్ సంస్థ ఐటీ సంబంధిత బ్రాంచీల విద్యార్థులకు కోడింగ్ పరీక్ష పెట్టి, ప్రోగ్రాముకు సరైన తర్కం రాయగలిగినవారు 4.77 శాతమేనని ప్రకటించింది. ఇండియా స్కిల్స్ రిపోర్టు ఉద్యోగార్హులను 2024లో 51.25 శాతంగా, 2025లో 54.81 శాతంగా పేర్కొంది; వీటిలో మొదటి అంకెను 2023-24 ఆర్థిక సర్వే కూడా ఉటంకించింది. ఒక సంస్థ ప్రకారం పరిస్థితి మెరుగవుతుండగా, మెర్సర్-మెటిల్ ప్రకారం 2023లో 44.3 శాతం ఉన్న ఉద్యోగార్హత 2024లో 42.6 శాతానికి తగ్గింది. ఒకే దేశపు యువత గురించి ఒకే కాలంలో రెండు సంస్థలు రెండు దిశలు చూపాయి.

ఈ తేడాకు మూలం గీత ఎక్కడ గీశారన్నదే. వెయ్యి మంది ఒక పరీక్ష రాశారనుకుందాం. 60 మార్కులకు గీత గీస్తే 380 మంది, 50కి గీస్తే 560 మంది 'ఉద్యోగార్హులు' కావచ్చు. ఆ 60 గానీ 50 గానీ ఏ ఉద్యోగానికి అవసరమన్నది చెప్పకుండా శాతాన్ని మాత్రమే చెబితే దానిలో సమాచారం తక్కువ. సాఫ్ట్‌వేర్ ఉత్పత్తులు తయారుచేసే కంపెనీలో కోడ్ రాయడానికి చాలని మార్కులు అదే కంపెనీలో టెస్టింగుకో, కస్టమర్ సపోర్టుకో సరిపోవచ్చు. దానితో పాటు పరీక్ష ఎవరు రాశారన్నదీ ముఖ్యమే. కాలేజీ డబ్బు కట్టి రాయించినవారు, సొంతంగా ఆన్‌లైన్‌లో రాసినవారు దేశంలోని పట్టభద్రులందరికీ ప్రతినిధులు కారు. ఇక ఈ సంస్థలకు పరీక్షలు, శిక్షణ అమ్మే వ్యాపారం ఉందన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయమే. అందుచేత వారి లెక్కలు అబద్ధమని అనలేం. సమస్య పెద్దదిగా కనిపిస్తే లాభపడేవారే దాన్ని కొలుస్తున్నారని మాత్రం అనగలం.

తెలుగు రాష్ట్రాల విద్యార్థుల విషయంలో మరొక అంశం కలుస్తుంది. ఈ పరీక్షలు, ఇంటర్వ్యూలు దాదాపు అన్నీ ఇంగ్లిషులోనే సాగుతాయి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, మండల కేంద్రంలోని డిగ్రీ కాలేజీలో బీకాం చేసిన అమ్మాయికి లెడ్జరు రాయడం, టాలీలో ఎంట్రీలు వేయడం చక్కగా వచ్చి ఉండవచ్చు. 'మీ గురించి చెప్పండి' అని ఇంగ్లిషులో అడిగితే తడబడినందుకు ఆమె అర్హురాలు కానివారి జాబితాలో చేరుతుంది. ఆ ఉద్యోగానికి ఇంగ్లిషు నిజంగా అవసరమైతే ఆ కొలత న్యాయమే. అవసరం లేనప్పుడు భాషను, నైపుణ్యాన్ని కలిపి ఒకే మార్కుగా ఇవ్వడం వల్ల ఏది తక్కువైందో ఆమెకూ తెలియదు, ఆమె కాలేజీకీ తెలియదు.

ప్లేస్‌మెంట్ శాతంలో హారం ఎక్కడుంది

ఇప్పుడు ఫ్లెక్సీ మీది అంకె. ఏ శాతంలోనైనా పైన లవం, కింద హారం ఉంటాయి. ప్లేస్‌మెంట్ ప్రకటనల్లో రెండూ కదులుతుంటాయి.

మరో ఊహించిన లెక్క. ఒక కాలేజీలో చివరి ఏడాది విద్యార్థులు 240 మంది. పది, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండి, బ్యాక్‌లాగ్‌లు లేనివారికే డ్రైవ్‌లలో ప్రవేశం; అలాంటివారు 150 మంది. కంపెనీల నుంచి వచ్చిన ఆఫర్ లెటర్లు 135. ఒకరికే రెండు మూడు ఆఫర్లు రావడం వల్ల ఆఫర్ అందిన విద్యార్థులు 105 మంది. ఏడాది తరువాత నిజంగా ఉద్యోగంలో చేరినవారు 84 మంది. ఇప్పుడు 135ను 150తో భాగిస్తే 90 శాతం ప్లేస్‌మెంట్. 105ను 150తో భాగిస్తే 70. 105ను 240తో భాగిస్తే 44. చేరిన 84 మందిని మొత్తం 240తో భాగిస్తే 35. నాలుగు అంకెల్లో ఏదీ కల్పితం కాదు. తల్లిదండ్రులకు కావలసినది చివరిది, ఎక్కువగా కనిపించేది మొదటిది.

ఆఫర్‌కు, చేరికకు మధ్య దూరం ఎంతగా పెరగగలదో 2022 బ్యాచ్‌కు బాగా తెలుసు. కొవిడ్ తరువాత గిరాకీ ఉధృతంగా ఉన్నప్పుడు ఆఫర్లు అందుకున్నవారిలో చాలామంది జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి, కొందరు ఏడాదికి పైగా ఎదురుచూశారు. ఆ బ్యాచ్ ప్లేస్‌మెంట్ శాతం మాత్రం ఆఫర్ వచ్చిన రోజే నమోదైపోయింది.

ప్యాకేజీల ప్రకటనలోనూ ఇదే జరుగుతుంది. పది మందికి ఉద్యోగాలు వచ్చాయనుకోండి: ఒకరికి 24 లక్షలు, ఒకరికి 7 లక్షలు, ఎనిమిది మందికి తలా మూడున్నర లక్షలు. 'అత్యధిక ప్యాకేజీ' 24 లక్షలు. సగటు 5.9 లక్షలు. పది మందినీ జీతం వరుసలో నిలబెట్టి నడుమ ఉన్నవారి జీతం చూస్తే అది మూడున్నర లక్షలు. దీనినే మధ్యస్థం అంటారు. కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుల కోసం కాలేజీలు ఇచ్చే వివరాల్లో ఈ మధ్యస్థ జీతమే అడుగుతారు, ఎందరు ఉత్తీర్ణులయ్యారు, ఎందరు పై చదువులకు వెళ్లారు అన్నవీ అడుగుతారు. కాలేజీలు స్వయంగా ఇచ్చే వివరాలే అయినా, ఫ్లెక్సీతో పోలిస్తే వాటిలో హారం కనబడుతుంది. ఇక ప్యాకేజీ అన్న సీటీసీలో, అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చులో, పీఎఫ్‌కు కంపెనీ వాటా, గ్రాట్యుటీ, బీమా, పనితీరు మీద ఆధారపడిన బోనస్ అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి నెలనెలా చేతికొచ్చేది దాన్ని పన్నెండుతో భాగించిన మొత్తం కంటే తక్కువే.

జీతాలు పెరగకపోవడం ఏం చెబుతోంది

అంకెల సంగతి తేలాక అసలు వివాదానికి వద్దాం. పట్టభద్రులకు ఉద్యోగాలు రాకపోవడానికి వారిలో నైపుణ్యం లేకపోవడం కారణమా, ఉద్యోగాలే చాలినన్ని లేకపోవడం కారణమా?

మొదటి వాదనను పరిశ్రమ వర్గాలు, శిక్షణ సంస్థలు, చాలా ప్రభుత్వాలు వినిపిస్తాయి. సిలబస్ పాతది, అధ్యాపకుల ఖాళీలు నిండవు, ప్రయోగశాల పేరుకే ఉంటుంది, ప్రాజెక్టులు అమీర్‌పేటలో కొనుక్కోవచ్చు. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజనీరింగ్ చదువు పేద ఇళ్లకూ అందింది, అది చిన్న విషయం కాదు. దానితో పాటే బోధన మీద శ్రద్ధ లేని కాలేజీలూ పుట్టుకొచ్చాయి. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ మంచి ప్రమాణాలున్న కాలేజీలకు సీట్ల పరిమితిని ఎత్తివేయడంతో కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సుల సీట్లు ఇంకా పెరిగాయి. ఆ సీట్లకు తగినంతమంది చదువుచెప్పగలిగిన అధ్యాపకులు ఎక్కడ నుంచి వస్తారన్న ప్రశ్నకు సంతృప్తికరమైన సమాధానం లేదు.

రెండో వాదన చేసేవారు జీతాలను చూపిస్తారు. ఏ వస్తువుకైనా నిజమైన కొరత ఉంటే దాని ధర పెరగాలి. పెద్ద ఐటీ సేవల కంపెనీల్లో ఫ్రెషర్లకు ఇచ్చే ప్రారంభ ప్యాకేజీ పదేళ్లకు పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది. 2012ను 100గా తీసుకుని లెక్కించిన వినియోగ ధరల సూచీ 2024 నాటికి 190 దాటింది. అంటే 2024లో ఇచ్చిన మూడున్నర లక్షలు 2012 ధరల్లో 1.8 లక్షలకు సమానం. జీతం అంకె నిలబడి ఉన్నా దాని విలువ దాదాపు సగానికి పడిపోయింది. అర్హులు దొరక్క కంపెనీలు అల్లాడుతున్నాయన్న మాటకు, ఈ ధరకు పొంతన కుదరదు.

ఈ వాదన బలమైనదే అయినా పూర్తి కాదు. అవే కంపెనీలు కఠినమైన కోడింగ్ పరీక్షలు దాటిన కొద్దిమందికి అదే ఏడాది, అదే క్యాంపస్‌లో 7 లక్షలు, అంతకంటే ఎక్కువ కూడా ఇస్తున్నాయి. కాబట్టి కొరత కొంత మేరకు ఉంది, కానీ పైమెట్టు నైపుణ్యాల దగ్గరే ఉంది. కిందిమెట్టు దగ్గర ఉన్నది సమృద్ధి. కంపెనీ తానే నాలుగైదు నెలలు శిక్షణ ఇచ్చి పనిలో పెట్టుకునే ఉద్యోగాలకు, ఆ శిక్షణ అందుకోగలిగినవారు అవసరానికి మించి దొరుకుతున్నారు. నైపుణ్య లోపం, ఉద్యోగాల లోపం రెండూ ఉన్నాయి గానీ, అవి వేర్వేరు మెట్ల మీద ఉన్నాయన్నది నాకు సరైన అంచనాగా తోస్తోంది.

డిగ్రీ ఇచ్చేది జ్ఞానమా, గుర్తింపా అన్న పాత చర్చ కూడా ఇక్కడ పనికొస్తుంది. కంపెనీకి అభ్యర్థి సామర్థ్యం నేరుగా కనబడదు కాబట్టి, కష్టపడి సంపాదించిన డిగ్రీని ఒక సంకేతంగా తీసుకుంటుందని ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లో ప్రతిపాదించారు. మెకానికల్, సివిల్ చదివినవారిని కూడా సాఫ్ట్‌వేర్ కంపెనీలు తీసుకోవడం వెనుక ఉన్నది ఇదే: వారికి కావలసింది ఆ పాఠ్యాంశం కాదు, ఎంట్రన్సు దాటి, నాలుగేళ్లు బ్యాక్‌లాగ్ లేకుండా నెట్టుకొచ్చిన మనిషి. అందరి చేతిలోనూ అదే సంకేతం ఉన్నప్పుడు అది ఎవరినీ వేరుచేసి చూపలేదు. అప్పుడు ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్, కోడింగ్ పోటీల ర్యాంకు కొత్త సంకేతాలవుతాయి, వాటికోసం మళ్లీ ఫీజులు మొదలవుతాయి.

ఏ సంవత్సరం బయటికి వచ్చారన్నది

ఫ్రెషర్ల నియామకాలు ఒక విద్యార్థి ప్రతిభ మీద కంటే కొన్నిసార్లు ఉద్యోగులు కంపెనీలను వదిలి వెళ్లే రేటు మీద ఎక్కువగా ఆధారపడతాయి. పనిచేస్తున్నవారు ఎక్కువగా మానేస్తే ఆ ఖాళీలు నింపడానికి కింద నుంచి కొత్తవారిని తీసుకుంటారు. 2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌లో ఏడాదికి మానేసేవారి రేటు 28.4 శాతం, 2024 మార్చి నాటికి అది 12.6 శాతానికి దిగింది. మానేసేవారు తగ్గారు, విదేశీ ఖాతాదారుల ఖర్చూ తగ్గింది. 2023-24లో టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలు తగ్గింది. ఆ ఏడాది మొత్తం ఐటీ పరిశ్రమలో నికరంగా పెరిగిన ఉద్యోగాలు సుమారు 60 వేలని ఐటీ పరిశ్రమ సంఘం నాస్‌కామ్ అంచనా.

దేశంలో బీటెక్ సీట్లు 2024-25లో దాదాపు 15 లక్షలు. ఈ 15 లక్షలను ఆ 60 వేలతో పోల్చి భయపెట్టే రాతలు వచ్చాయి. ఆ పోలికలోనూ తప్పుంది: సీట్లన్నీ నిండవు, చేరినవారందరూ ఉత్తీర్ణులు కారు, 60 వేలన్నది చేరికల్లోంచి నిష్క్రమణలు తీసేసిన మిగులు, అందరూ ఐటీకే వెళ్లరు. అయినా దిశ స్పష్టమే. 2021లో పట్టా అందుకున్న విద్యార్థికి, 2023లో అందుకున్న విద్యార్థికి మధ్య చదువులో తేడా ఏమీ లేకపోయినా అవకాశంలో చాలా తేడా ఉంది. 2023 బ్యాచ్ పిల్లలను 'మీ సీనియర్లకు వచ్చాయి కదా, మీకెందుకు రాలేదు' అని నిలదీసిన ఇళ్లలో ఈ సంగతి ఎవరికైనా తెలిసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇంజనీరింగ్‌కు బయట ఉన్న పెద్ద తరగతి

ఇంతవరకు చెప్పినదాంట్లో ఎక్కువ భాగం బీటెక్ గురించే సాగింది, పత్రికల చర్చ కూడా అంతే. కానీ 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం డిగ్రీ స్థాయి విద్యార్థుల్లో బీఏ చదివేవారే 34 శాతం. బీఎస్సీ సుమారు 15, బీకాం 13. బీటెక్, బీఈ కలిపి 12 శాతం లోపే. ఈ పెద్ద తరగతికి క్యాంపస్ డ్రైవ్ అన్నదే అరుదు కాబట్టి వారికి ప్లేస్‌మెంట్ శాతం అన్న మాట వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ కోర్సుల్లో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేయడం, 2024 అక్టోబరులో కేంద్రం నెలకు 5 వేల రూపాయల భృతితో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టడం, తెలంగాణ అదే ఏడాది యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేయడం ఈ లోటును దృష్టిలో పెట్టుకుని చేసినవే. ఇంటర్న్‌షిప్‌లకున్న ఆచరణ సమస్య ఊరికి దగ్గర్లో ఇంటర్న్‌షిప్ ఇచ్చే సంస్థలే లేకపోవడం. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో ఉన్న విద్యార్థికి దొరికేది పాడేరులోనో ఆసిఫాబాద్‌లోనో ఉన్న విద్యార్థికి దొరకదు. పట్నం వచ్చి ఉండాలంటే కేంద్ర పథకం భృతిగా పెట్టిన నెలకు 5 వేలు హాస్టల్ ఖర్చుకే చాలవు.

బ్రిటన్‌లో చదువు పూర్తయిన పదిహేను నెలల తరువాత ప్రతి పట్టభద్రుడినీ సంప్రదించి, ఏం చేస్తున్నారో, ఆ పనికి డిగ్రీ ఉపయోగపడిందో లేదో అడిగే జాతీయ సర్వే ఉంది. దాని ఫలితాలు విశ్వవిద్యాలయాల వారీగా, కోర్సుల వారీగా బయటపెడతారు. మన దగ్గర పీఎల్‌ఎఫ్‌ఎస్ ఇంటింటికీ వెళుతుంది, కానీ ఏ కాలేజీలో చదివారన్నది దాని ఫలితాల్లో ఉండదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ కాలేజీని అడుగుతుంది గానీ, విద్యార్థిని అడగదు. నైపుణ్య పరీక్షల సంస్థలు విద్యార్థిని పరీక్షిస్తాయి, తరువాత అతడు ఎక్కడ చేరాడో చూడవు. ఫలానా కాలేజీలో ఫలానా బ్రాంచిలో చేరిన వంద మందిలో ఎందరు ఏడాది తరువాత ఎంత జీతానికి ఏ పనిలో ఉన్నారన్న ఒక్క ప్రశ్నకు జవాబిచ్చే వరుస ఈ మూడు పట్టికల్లో ఎక్కడా లేదు. పూర్వ విద్యార్థుల ఫోన్ నంబర్లు ప్రతి కాలేజీ ఆఫీసులోనూ ఉంటాయి. ఏడాది తరువాత వారికి ఫోన్ చేసి అడగడం ఇప్పటివరకు ఎవరి బాధ్యతగానూ పెట్టలేదు.